చమురుంది సరే... గిట్టుతుందా?

28,032 బావులు. ఒక్కో బావి నుంచి 5.5 లక్షల పీపాల చమురు. గుణిస్తే దాదాపు 1,540 కోట్ల పీపాలు!

పదో తరగతి కుర్రాడు కూడా చేయగలిగిన ఈ గుణకారం అమెరికాలో పెద్ద దుమారమే లేపింది. 2011 జులైలో అక్కడి ప్రభుత్వ సంస్థ ఎనర్జీ ఇన్ఫర్మేషన్ అడ్మినిస్ట్రేషన్ ఓ నివేదిక విడుదల చేసింది. కాలిఫోర్నియాలో నేల అడుగున మాంటెరీ అనే షేల్ రాతిపొర ఉంది. అందులో చమురు తీయడానికి పనికొచ్చే మేర 1,752 చదరపు మైళ్లు. చదరపు మైలుకు 16 బావులు. ఒక్కోటీ సగటున అయిదున్నర లక్షల పీపాలు ఇస్తుంది... ఆ నివేదిక కోసం ఓ కన్సల్టెన్సీ కంపెనీ వేసిన లెక్క ఇదీ. పీపా అంటే 159 లీటర్లు. అలాస్కా, హవాయి పోగా మిగతా అమెరికా మొత్తంలో ఉందనుకున్న షేల్ చమురులో దాదాపు మూడింట రెండొంతులు ఆ ఒక్కచోటే ఉందన్నమాట!

ఇంకేముంది... కాలిఫోర్నియా దశ తిరిగిపోయిందన్నారు. 2013లో సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి ఓ అధ్యయనం వచ్చింది. మాంటెరీ చమురు పుణ్యమా అని 2020 నాటికి ఆ రాష్ట్రంలో 28 లక్షల ఉద్యోగాలు పుట్టుకొస్తాయనీ పన్నుల రూపంలోనే 2,460 కోట్ల డాలర్లు సమకూరుతాయనీ అందులో చెప్పారు. ఆ అధ్యయనానికి చమురు కంపెనీల సంఘం కూడా కొంత డబ్బు సర్దిందనే సంగతిని అప్పట్లో ఎక్కువమంది పట్టించుకోలేదు.

2014 మేలో అదే ప్రభుత్వ సంస్థ తన అంకెను సవరించింది. కొత్త అంకె- 60 కోట్ల పీపాలు. నూటికి 96 పాళ్లు గాల్లో కలిసిపోయాయి. మరుసటి ఏడాది అక్టోబరులో అమెరికా భూగర్భ సర్వే సంస్థ విడిగా మరో లెక్క తీసింది. శాన్ వాకీన్ లోయలోని మాంటెరీ లోతు పొరల నుంచి తీయగలిగింది 2.1 కోట్ల పీపాలేనని తేల్చింది. చూసిన ప్రాంతం, లెక్కగట్టిన తీరు కాస్త వేరే అనుకున్నా... 1,540 కోట్లెక్కడ, 2.1 కోట్లెక్కడ! ఈ రెండోది అమెరికా ఒక్కరోజు వాడకానికి కాస్త ఎక్కువ, అంతే.

ఈలోగా భూమిలోంచి ఎవరూ చమురు ఎత్తుకుపోలేదు. రాయి అదే. మారిందల్లా కాగితం మీది అంచనా. కొత్తగా ఎక్కడో 'షేల్ చమురు నిక్షేపం' బయటపడిందనే వార్త కనిపించినప్పుడల్లా గుర్తుచేసుకోవాల్సిన కథ ఇది. ఎందుకంటే ఆ వార్తను నమ్మి డబ్బు పెట్టేది పెద్ద కంపెనీలొక్కటే కాదు. పింఛను నిధులు పెడతాయి, మ్యూచువల్ ఫండ్ల ద్వారా మామూలు ఉద్యోగులు పెడతారు, పొలాలు లీజుకిచ్చిన రైతులు ఆ ఆశ మీద అప్పులు చేస్తారు.

రాయి ఒప్పుకోవాలి

మామూలు చమురు బావికీ షేల్ బావికీ తేడా ఏమిటంటే... మామూలు చోట చమురు పుట్టిన రాయిలోంచి ఊరి, పైకి పాకి, ఇసుకరాయి లాంటి గుల్ల పొరలో చేరి కూర్చుంటుంది. అక్కడికి గొట్టం దింపితే చాలు, వస్తుంది. షేల్ అంటే ఆ పుట్టింటి రాయి. సన్నని బురద లక్షల ఏళ్లు గట్టిపడితే తయారైన పొర. అందులో చమురు ఉన్నా కదలదు. అందుకే రెండుమూడు కిలోమీటర్లు కిందికి తవ్వి, అక్కణ్నుంచి పొర వెంబడే అడ్డంగా మరో రెండుమూడు కిలోమీటర్లు తవ్వుకుంటూ వెళ్తారు. తర్వాత నీళ్లు, ఇసుక, కొన్ని రసాయనాలు కలిపి విపరీతమైన ఒత్తిడితో కొడితే రాయి పగుళ్లిస్తుంది. ఆ పగుళ్లు మూసుకుపోకుండా ఇసుక రేణువులు అడ్డుపడతాయి. వాటి సందుల్లోంచి చమురు కారుతుంది. దీన్నే ఫ్రాకింగ్ అంటున్నారు.

ఇది సాగాలంటే రాయి చాలా షరతులకు ఒప్పుకోవాలి. ఒకప్పటి నాచు, జీవపదార్థం అందులో తగినంత ఉండాలి- కనీసం నూటికి రెండు పాళ్లయినా. అది సరిగ్గా ఉడికి ఉండాలి. తక్కువ ఉడికితే చమురు పుట్టదు, ఎక్కువ ఉడికితే గ్యాసైపోతుంది. పొర మందంగా ఉండాలి. లోపల ఒత్తిడి ఉండాలి. అన్నిటికీ మించి రాయి పెళుసుగా ఉండాలి. బంకమన్ను పాలు ఎక్కువైతే కొట్టినప్పుడు అప్పడంలా విరగదు, తడిపిండిలా నొక్కుకుపోతుంది. పగులు పడినా మళ్లీ పూడుకుపోతుంది.

మాంటెరీలో జీవపదార్థం పుష్కలం. ఉడకడమూ జరిగింది. కానీ ఆ ప్రాంతం భూకంపాల నేల. కోట్ల సంవత్సరాలుగా అక్కడి పొరలు నలిగి, మడతలు పడి, ఎక్కడికక్కడ తెగిపోయాయి. షేల్ తవ్వకానికి పొర పరిచిన చాపలా ఉండాలి. మాంటెరీ తాపేశ్వరం మడత కాజాలా ఉంది! అడ్డంగా తవ్వుకుంటూ వెళ్తే పొర కాస్తా చేజారిపోతుంది. పైగా ఆ పగుళ్ల గుండా చమురులో చాలాభాగం ఎప్పుడో పైకి జారుకుంది. కాలిఫోర్నియాలో వందేళ్లకు పైగా తీస్తున్న పాత బావుల చమురు అలా పైకొచ్చిందే. పుట్టింట్లో మిగిలిందనుకున్న సొమ్ము నిజానికి అత్తారింటికి ఎప్పుడో వెళ్లిపోయిందన్నమాట.

ఈ సంగతి ప్రభుత్వం కంటే ముందే చెప్పినాయన ఒకరున్నారు. డేవిడ్ హ్యూజ్ అని, కెనడా భూగర్భ సర్వేలో మూడు దశాబ్దాలకు పైగా పనిచేసి రిటైరైన శాస్త్రవేత్త. ఆయన కొత్త సిద్ధాంతాలేం చేయలేదు. మాంటెరీలో అప్పటికే తవ్విన బావుల చిట్టా తీసుకుని ఏది ఎంత ఇచ్చిందో కూర్చుని చూశారు. 2013 డిసెంబరులో నివేదిక ఇచ్చారు. 'అయిదున్నర లక్షల పీపాలన్నది కొన్ని రెట్లు పెంచి చెప్పిన మాట' అన్నది దాని సారాంశం. ఊహించిన బావుల్ని కాదు, ఉన్న బావుల్ని లెక్కపెట్టడం... వినడానికి ఎంత చిన్న పనో! ఆ పని జరక్కుండానే రెండేళ్లకు పైగా ఉద్యోగాల లెక్కలు నడిచాయి.

అలాగని పెదవి విరిస్తే...

అయితే అన్నిటికీ పెదవి విరిచేవాడే తెలివైనవాడు అనుకుంటే అదీ పొరపాటే. నార్త్ డకోటాలో జరిగిన కథ వేరు.

హెన్రీ బాకెన్ అనే రైతు పేరు పెట్టుకున్న రాతిపొర ఒకటి అక్కడుంది. ఆ రాష్ట్రంలో 1951లోనే చమురు పడింది. బాకెన్ పొరలో చమురుందని భూగర్భ శాస్త్రవేత్తలకు ఆ దశాబ్దంలోనే తెలుసు. తీయడమే చేతకాలేదు. 1980ల చివర్లో అడ్డంగా తవ్వి చూశారు. కొన్నాళ్లు హడావుడి, ఆనక నిశ్శబ్దం. 1995లో భూగర్భ సర్వే సంస్థ అక్కడ తీయగలిగేది 15 కోట్ల పీపాలేనని లెక్కగట్టింది.

అదే సంస్థలో లీ ప్రైస్ అనే శాస్త్రవేత్త మాత్రం ఒప్పుకోలేదు. బాకెన్‌లో పుట్టిన చమురు 41,300 కోట్ల పీపాలు ఉంటుందని 1999లో రాశారు. ఆ వ్యాసం అచ్చు కాకముందే, 2000లో ఆయన చనిపోయారు. అదే ఏడాది పక్కనే ఉన్న మోంటానాలో ఎల్మ్ కూలీ అనే చోట అసలు కిటుకు దొరికింది. బాకెన్ ఒక్క పొర కాదు, శాండ్‌విచ్ లాంటిది. పైనా కిందా షేల్, నడుమ ఓ గట్టి సున్నపురాయి పొర. అంతకుముందు అందరూ పైనున్న షేల్‌లో తవ్వారు. ఈసారి నడిమి పొరలో తవ్వారు... పండింది! నార్త్ డకోటాలో అలాంటిదే మరోచోట ఉండొచ్చని మైకేల్ జాన్సన్ అనే పెద్దాయన పాత బావుల రికార్డులు తిరగేసి పసిగట్టారు. 2006లో ఈఓజీ అనే కంపెనీ పార్షల్ ఊరి దగ్గర తవ్వితే ఆయన ఊహ నిజమైంది.

2008లో సర్వే సంస్థ తన అంకెను 365 కోట్ల పీపాలకు పెంచింది. 2013లో కిందనున్న మరో పొరతో కలిపి 740 కోట్లంది. 2014 చివరికి ఆ రాష్ట్రం రోజుకు 12 లక్షల పీపాలు తీసింది.

ప్రైస్‌ది ఒకరకంగా గెలుపే. కానీ పుట్టిన చమురులో సగం దాకా తీయొచ్చన్న ఆయన ఆశ నెరవేరలేదు. షేల్‌లో ఉన్నదాంట్లో నూటికి అయిదో పదో పాళ్లు వస్తే గొప్ప. కాబట్టి 'ఇంత చమురుంది' అని ఎవరైనా చెప్పినప్పుడు అందులో పదో వంతుకు మించి లెక్కలోకి తీసుకోకపోవడమే మేలు. ఆ పదో వంతయినా గిట్టుబాటయితేనే సుమా.

మొదటిరోజు నీళ్లు చూసి...

అనంతపురం రైతుకు ఈ మాట వేరే చెప్పక్కర్లేదు. బోరు వేసినరోజు మూడించుల నీళ్లు ఎగజిమ్ముతాయి. ఊరంతా వచ్చి చూస్తుంది. ఆ నీళ్లను నమ్మి చీనీ తోట పెట్టాలా అన్నది మాత్రం వచ్చే ఏప్రిల్‌లో బోరు ఎంత పోస్తుందన్న దానిమీద ఉంటుంది.

షేల్ బావి అచ్చం అంతే. కంపెనీల ప్రకటనల్లో కనిపించేది మొదటి 24 గంటల ఉత్పత్తి. కుళాయి పూర్తిగా తిప్పేస్తే ఆ అంకె బ్రహ్మాండంగా వస్తుంది. కాస్త బిగించి తీస్తే మొదటిరోజు తక్కువ వస్తుంది కానీ బావి ఎక్కువకాలం బతుకుతుంది. కాబట్టి మొదటిరోజు అంకెతో బావి బలం తెలీదు, కుళాయి ఎంత తిప్పారో మాత్రమే తెలుస్తుంది. మూడు నెలల సగటు కొంత నమ్మదగ్గది. ఏడాది లెక్క ఇంకా నయం. ఎందుకంటే షేల్ బావి మొదటి ఏడాదిలోనే నూటికి 60, 70 పాళ్లు తగ్గిపోతుంది. ఆ తర్వాత తగ్గుదల నెమ్మదిస్తుంది. ఆ నెమ్మదించడం ఎక్కడ, ఎంత దగ్గర అన్నదే బావి జాతకం. కొత్త నిక్షేపంలో అయిదారేళ్ల వయసున్న బావులే ఉండవు కాబట్టి కంపెనీలు ఓ గీత గీసి 'ఇలా సాగుతుంది' అంటాయి. ఆ గీత తోకను కాస్త పైకెత్తితే చాలు, నష్టపు బావి లాభాల బావి అయిపోతుంది!

ఒక్క బావి లెక్క వేసి చూద్దాం. ఇవి ఉదాహరణకు అనుకున్న అంకెలే కానీ తీరు మాత్రం అసలుదే. బావి తవ్వి ఫ్రాకింగ్ చేయడానికి కోటి డాలర్లు అయిందనుకుందాం. పీపా ధర 70 డాలర్లు. భూమి యజమానికి అయిదో వంతు రాయల్టీ, 14 డాలర్లు. పన్నులు, నిర్వహణ, రవాణా కలిపి మరో 16. చేతిలో మిగిలేది 40. అంటే పెట్టుబడి వెనక్కి రావాలంటేనే రెండున్నర లక్షల పీపాలు తీయాలి. మొదటి ఏడాది లక్షా 20 వేలు వచ్చాయి. రెండో ఏడాది 50 వేలు. మూడో ఏడాది 35 వేలు. నాలుగో ఏడాది పాతిక వేలు. అయిదో ఏడాది 20 వేలొస్తే అసలు చేతికొస్తుంది. వడ్డీ ఇంకా లెక్కలోకి రాలేదు. భూమి లీజు ఖర్చు రాలేదు. పక్కన తవ్వి విఫలమైన బావి ఖర్చూ రాలేదు.

ఇప్పుడు పీపా ధర 50కి పడిపోయిందనుకోండి. రాయల్టీ 10కి దిగుతుంది కానీ మిగతా 16 అలాగే ఉంటుంది. మిగిలేది 24. ధర తగ్గింది మూడో వంతులోపే, మిగులు మాత్రం 40 నుంచి 24కి పడింది. పెట్టుబడి రావడానికి ఇప్పుడు నాలుగు లక్షల పైచిలుకు పీపాలు కావాలి. ఆ బావి జీవితకాలంలో అన్ని ఇవ్వదు.

బావి ఖర్చు, బావి దిగుబడి, పీపా ధర- ఈ మూడింట్లో మొదటి రెండూ తవ్వేవారి చేతిలో కొంతైనా ఉంటాయి. మూడోది దేవుడి చేతిలో కూడా ఉన్నట్టు కనిపించదు. 2014 జూన్‌లో అమెరికాలో పీపా వంద డాలర్లు దాటింది. 2016 ఫిబ్రవరిలో 26 డాలర్లు. 2020 ఏప్రిల్ 20న అక్కడి మార్కెట్లో ధర సున్నా కంటే కిందికి, మైనస్ 37 డాలర్లకు పోయింది. చమురు తీసుకెళ్తే ఎదురు డబ్బిస్తామన్న రోజు అది!

పైన్ అడవుల కింద

చమురు నిజంగా ఉండి, బావుల్లో నిజంగా పడి, అయినా గిట్టుబాటు కాని చోటు చూడాలంటే లూసియానా, మిసిసిపీ రాష్ట్రాల సరిహద్దుకు వెళ్లాలి. అక్కడి పైన్ అడవుల కింద టస్కలూసా మెరైన్ షేల్ అనే పొర ఉంది. 1997లో లూసియానా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు అందులో 700 కోట్ల పీపాలున్నాయన్నారు. బాకెన్ విజయం చూశాక 2011 ప్రాంతంలో కంపెనీలు వరసకట్టాయి.

ఇబ్బందులు మొదటి బావితోనే మొదలయ్యాయి. పొర 11 వేల అడుగులకు పైబడిన లోతులో ఉంది. బంకమన్ను ఎక్కువ. తవ్విన సొరంగం గోడలు విరిగిపడి పరికరాలు ఇరుక్కుపోయేవి. ఒక్కో బావికీ కోటీ 30 లక్షల డాలర్లు అయ్యేది, కొన్నిటికి ఇంకా ఎక్కువే. అలాగని అంతా నిరాశే కాదు. కొన్ని బావులు మొదటిరోజు వెయ్యి పీపాలు దాటాయి. వాళ్లు తవ్వేకొద్దీ నేర్చుకుంటున్నారు కూడా. పొరలో ఏ ఎత్తున అడ్డంగా వెళ్తే గోడలు కూలవో తెలిసింది. ఇంకో యాభై బావులు తవ్వితే ఖర్చు కోటికి దిగుతుందనీ అప్పుడు వంద డాలర్ల ధరకు లాభాలేననీ మదుపరులకు చెప్పేవారు.

ఆ మాటలో అబద్ధమేమీ లేదు. నిజానికి కొత్త నిక్షేపాన్ని అంచనా వేసేటప్పుడు చూడాల్సినవాటిలో ముఖ్యమైనది ఇదే- పదో బావి కంటే ఇరవయ్యో బావి చవగ్గా, బలంగా వచ్చిందా లేదా? ఒక్క గొప్ప బావి సంగతి వదిలెయ్యండి. ప్రతి నిక్షేపంలోనూ ఓ గొప్ప బావి ఉంటుంది, కంపెనీ గోడ మీద దాని ఫొటో ఉంటుంది. బావులన్నిటినీ దిగుబడి ప్రకారం వరసలో నిలబెట్టి సరిగ్గా మధ్యలో నిలబడ్డదాన్ని చూడాలి. ఆ నడిమి బావి ఖర్చులు రాబట్టుకుంటుంటే నిక్షేపం బతుకుతుంది. టస్కలూసాలో ఆ నడిమి బావి మెరుగుపడుతూ వస్తున్న సమయానికి కాలం కలిసిరాలేదు. 2014 చివర్లో ధర కూలింది. రిగ్గులు ఒక్కొక్కటే మూటాముల్లె సర్దుకున్నాయి. అక్కడ మూడు లక్షల ఎకరాలకు పైగా లీజులు పోగేసుకున్న గుడ్‌రిచ్ పెట్రోలియం 2016 ఏప్రిల్‌లో దివాలా పిటిషను వేసింది.

విచిత్రం ఏమిటంటే భూగర్భ సర్వే సంస్థ 2018లో మళ్లీ లెక్కగట్టి అక్కడ 150 కోట్ల పీపాలు తీయడానికి వీలుందని ప్రకటించింది. తీయడానికి వీలుంది- నిజమే. చేతనవడం వేరు, గిట్టడం వేరు. పత్రికల శీర్షికల్లో మాత్రం ఈ రెండూ ఒకటే అయిపోతుంటాయి.

మరి అంత తొందరపడి ఎందుకు తవ్వారు? ధర బాగుండేదాకా ఆగొచ్చుగా? ఆగనివ్వనిది లీజు. మన దగ్గర భూమి మనదైనా కిందనున్న చమురు సర్కారుది. అమెరికాలో చాలాచోట్ల భూమి యజమానిదే అడుగునున్న సంపద కూడా. కంపెనీ ఎకరాకి ఇంత అని ముందుగా చెల్లించి సాధారణంగా మూడు నుంచి అయిదేళ్లకు లీజు రాయించుకుంటుంది. ఆలోగా బావి తవ్వి ఉత్పత్తి చూపించకపోతే లీజు రద్దవుతుంది. అందుకే నష్టమని తెలిసినా భూమి నిలుపుకోవడానికి తవ్విన బావులు అక్కడ కోకొల్లలు. వాటిని చూసి 'అన్ని రిగ్గులు తిరుగుతున్నాయంటే లాభం ఉండే ఉంటుంది' అనుకుంటే మోసపోయినట్టే.

ఇంకో రకం లాభమూ ఉంది. చెసపీక్ ఎనర్జీ అధిపతి ఆబ్రే మెక్లెండన్ 2008లో మదుపరులతో దాపరికం లేకుండానే చెప్పారు- గ్యాసు తీసి అమ్మడం కన్నా లీజులు కొని అయిదింతలకో పదింతలకో అమ్ముకోవడంలోనే ఎక్కువ లాభమని! అంటే ఒక నిక్షేపం 'లాభసాటి' అని చెబుతున్నవారు చమురు అమ్మి సంపాదిస్తున్నారా, భూమి అమ్మి సంపాదిస్తున్నారా అన్నది అడగాల్సిందే. హైదరాబాద్ చుట్టూ వెంచర్లు చూసినవారికి ఈ తేడా విడమరిచి చెప్పక్కర్లేదు. చెసపీక్ 2020 జూన్‌లో దివాలా రక్షణ కోరింది.

మన కంపెనీలూ ఆ సంతకు వెళ్లొచ్చాయి. రిలయన్స్ 2010లో అమెరికాలో మూడు షేల్ భాగస్వామ్యాల్లో వాటాలు కొంది. వాటిలో టెక్సస్‌లోని ఈగిల్‌ఫోర్డ్ అప్పటికే మంచి పేరు తెచ్చుకుంటున్న రాయి. ధరలు ఎక్కువగా ఉన్నప్పుడు ప్రవేశించి, దశాబ్దం పాటు ఎగుడుదిగుళ్లు చూసి, 2021లో చివరి వాటాలు కూడా అమ్మేసి బయటికొచ్చింది. రాయి మంచిదైనా కొన్న ధర, కొన్న సమయం మంచివి కాకపోతే ఏం చేస్తుంది?

గోదావరి కింద ఏముంది?

మనం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతే. కాబట్టి మన నేల కిందా షేల్ ఉందంటే ఆశ పుట్టడం సహజం. 2013లో అదే అమెరికా సంస్థ ప్రపంచ దేశాల షేల్ లెక్కలు తీసి మన దేశంలో 380 కోట్ల పీపాల చమురు, దాంతోపాటు బోలెడంత గ్యాసు తీయడానికి వీలుందని రాసింది. ఆ జాబితాలో గుజరాత్‌లోని కాంబే, తమిళనాడులోని కావేరి, బెంగాల్ వైపు దామోదర్‌తోపాటు మన కృష్ణా-గోదావరి బేసిన్ కూడా ఉంది. మాంటెరీకి 1,540 కోట్లు కట్టబెట్టిందీ ఈ సంస్థే అన్న విషయం ఇక్కడ మర్చిపోకూడదు.

2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని దుర్గాపూర్ దగ్గర ఓఎన్‌జీసీ బావిలో షేల్ గ్యాసు కనిపించింది. 2013 అక్టోబరులో కేంద్రం షేల్ విధానం ప్రకటించి ఓఎన్‌జీసీ, ఆయిల్ ఇండియాలకు తమ పాత బ్లాకుల్లో వెతకడానికి అనుమతిచ్చింది. 2018లో ప్రైవేటు కంపెనీలకూ ఆ వీలు కల్పించింది. పరీక్షల కోసం బావులు తవ్వారు, రాతి నమూనాలు తీశారు. వాణిజ్య స్థాయిలో ఉత్పత్తి మాత్రం ఇంతవరకూ ఎక్కడా మొదలుకాలేదు.

ఇందులో ఎవర్నీ తప్పుపట్టాల్సిన పనిలేదు. కొత్త రాయిని చదవడానికి ఒకటీ రెండూ కాదు, పదుల బావులు కావాలి. టెక్సస్‌లోని బార్నెట్ షేల్‌లో గ్యాసు కోసం జార్జ్ మిచెల్ 1981లో మొదటి బావి తవ్వారు. చవకైన నీటి ఫ్రాకింగ్ కుదిరింది 1998లో. పదిహేడేళ్లు! అన్నేళ్లు ఆయన ఎలా తట్టుకున్నారంటే... షికాగో వైపు గ్యాసు సరఫరా చేయడానికి మార్కెట్ ధర కంటే ఎక్కువకు ఆయనకో పాత ఒప్పందం ఉంది. అమెరికా ప్రభుత్వం పన్ను రాయితీ ఇచ్చింది, పరిశోధనకూ సాయం చేసింది. రిగ్గులు, పంపులు, పైపులు, పనివాళ్లు ఆ చుట్టుపక్కలే దొరికేవి. 2002లో కంపెనీని డెవాన్‌కు సుమారు 350 కోట్ల డాలర్లకు అమ్మేశారు. చెప్పుకోవడానికి అది పట్టుదల కథే. దాని వెనక ఆ ఒప్పందమే లేకపోతే ఏ పదో బావి దగ్గరో ఆగిపోయేదేమో.

గోదావరి జిల్లాల్లో పరిస్థితి వేరు. ఒక్క బావి ఫ్రాకింగ్‌కు కోటి నుంచి అయిదారు కోట్ల లీటర్ల నీళ్లు కావాలి. ఆ నీళ్లలో కొంత ఉప్పు, రసాయనాలతో వెనక్కి వస్తుంది. దాన్ని ఎక్కడ పొయ్యాలి? నార్త్ డకోటాలో మైళ్ల కొద్దీ ఖాళీ నేల ఉంది, కోనసీమలో కొబ్బరిచెట్టుకీ కొబ్బరిచెట్టుకీ మధ్య ఇల్లుంది. 1995లో పాశర్లపూడి బావి రెండు నెలలకు పైగా మండటాన్ని చూసినవాళ్లు ఇంకా ఆ ఊళ్లలోనే ఉన్నారు. షేల్ బావులు త్వరగా తగ్గిపోతాయి కాబట్టి ఉత్పత్తి నిలవాలంటే పక్కన మరొకటి, దాని పక్కన ఇంకొకటి తవ్వుతూనే ఉండాలి. ఆ ఖర్చులో భూమి ధర, కాలవ నీళ్లు, జనం ఒప్పుకోలు అన్నీ కలపాలి. అమెరికా పుస్తకాల్లోని బావి లెక్కకు ఈ గళ్లే లేవు.

ఇక్కడి షేల్ పెళుసుదా, మెత్తనిదా, చాపలా ఉందా, మడత కాజాలా ఉందా అన్నది చెప్పడానికి నమూనా రాళ్లు కొంతవరకు పనికొస్తాయి. మిగతాది అడ్డంగా తవ్విన బావులే చెప్పాలి. అవీ ఓ రెండేళ్లు వరసగా ఉత్పత్తి ఇచ్చాక.